వెన్నుపాము గాయమైనవాళ్లు ఒంట్లో కొవ్వు, కండ ఎంతున్నాయో దేనితో కొలిపించుకోవాలి?

ఒకే వారంలో మూడు చోట్ల నా ఒంట్లో కొవ్వు కొలిపించుకున్నాను. చర్మాన్ని మడతపెట్టి పట్టుకుని కొలిచే కాలిపర్ 18 శాతం అంది. చేతికీ కాలికీ స్టిక్కర్లు అంటించి సన్నటి కరెంటు పంపే బీఐఏ మెషిన్ 22 శాతం అంది. ఎక్స్‌రేలతో ఒళ్లంతా చూసే డెక్సా స్కాన్ రిపోర్టులో 33 శాతం అని వచ్చింది. మూడు చోట్లా బరువు 63 కిలోలే, ఎత్తు 170 సెంటీమీటర్లే, అంటే బీఎంఐ 21.8. మామూలు చార్టు ప్రకారం నాకు ఏ ఇబ్బందీ లేదు. ఒంట్లో మూడో వంతు కొవ్వే అని చెప్పిన స్కాన్‌ను నమ్మాలా, బాగానే ఉన్నావన్న చార్టును నమ్మాలా అని అప్పట్లో చాలా టెన్షన్ పడ్డాను.

నాకు వీపు కింది సగంలో ఉండే టి10 వెన్నుపూస దగ్గర గాయమై పదకొండేళ్లయింది. ఆ వారం తర్వాత ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను, డాక్టర్లనూ ఫిజియోలనూ విసిగించాను, ఏడాదికోసారి స్కాన్ చేయించుకుంటూ ఇంట్లో టేపుతో కొలుచుకుంటూ వచ్చాను. కాబట్టి ఇది మనలాంటివాళ్ల కోసం, మన ఇంట్లోవాళ్ల కోసం రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. ఇంట్లో నెలకోసారి పడుకోబెట్టి టేపుతో నడుము చుట్టుకొలత, దానితోపాటు వీల్‌చెయిర్ కాటా మీద బరువు చూసుకోండి. వీలుంటే ఏడాదికోసారి డెక్సా, ప్రతిసారీ అదే మెషిన్ మీద. ఇంట్లోకి బీఐఏ కాటా కొనాలని చూస్తుంటే ఆగండి. మిగతా పద్ధతులు ప్రత్యేకమైన అవసరం ఉన్నప్పుడే. ఎందుకో తెలుసుకోవాలంటే కింద చదవండి, ఎందుకంటే పద్ధతి ఏదైనా మన ఒంటి మీద అది ఎక్కడ తడబడుతుందో తెలిస్తేనే వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

మన దగ్గర లెక్క ఎందుకు తప్పుతుంది

ఈ మెషిన్లలో, చార్టుల్లో ఉన్న సూత్రాలు దాదాపు అన్నీ నడిచేవాళ్లను కొలిచి తయారుచేసినవి. కొవ్వు తీసేస్తే మిగిలే ఒంట్లో 73 శాతం నీళ్లుంటాయనీ, దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.1 గ్రాములనీ అవి ముందే అనుకుని లెక్క మొదలుపెడతాయి. మన విషయంలో ఈ అంచనాలు పక్కకు జరిగిపోతాయి. గాయం కింద భాగంలో కండ చాలా వేగంగా కరుగుతుంది, ఎమ్మారై తీసి చూసిన అధ్యయనాల్లో గాయమైన ఆరు వారాలకే తొడ, పిక్కల కండరాలు ఆరోగ్యవంతుల కంటే బాగా చిక్కిపోయి కనిపించాయి. కరిగిన కండ స్థానంలో, కండరాల సందుల్లోకి కూడా కొవ్వు చేరుతుంది. మొదటి ఏడాది రెండేళ్లలో మోకాలి చుట్టుపక్కల ఎముక పలచబడుతుంది. రోజంతా కూర్చుని ఉండటంతో పాదాల్లో నీరు దిగుతుంది. పైన చేతులేమో చక్రం తిప్పీ తిప్పీ బలంగా తయారవుతాయి. ఒకే మనిషిలో రెండు రకాల ఒళ్లు ఉన్నట్టే.

2000లో వచ్చిన ఒక అధ్యయనం నా మనసులో బాగా నాటుకుపోయింది. అచ్చం ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి వెన్నుపాము గాయమై, ఇంకొకరు మామూలుగా నడుస్తున్న ఎనిమిది జతలను తీసుకుని పోల్చారు. జన్యువులన్నీ ఒకటే, అయినా గాయమైన కవలలో కండ తక్కువ, కొవ్వు శాతం ఎక్కువ. అంటే ఇది మన తిండి యావ వల్లనో బద్ధకం వల్లనో మొదలైంది కాదు. బరువు పెరిగిందని ఇంట్లో చుట్టాలు నాలుగు మాటలు అన్నప్పుడు నేను ఈ కవలల సంగతి గుర్తు చేసుకుంటాను.

బీఎంఐతో చిక్కు కూడా ఇక్కడే ఉంది. అది బరువునూ ఎత్తునూ మాత్రమే చూస్తుంది. కండ పోయి అదే బరువు కొవ్వు చేరితే కాటా ముల్లు కదలదు కాబట్టి బీఎంఐ కూడా కదలదు. 2003లో అచ్చయిన ఒక పెద్ద పోలికలో, ఒకే బీఎంఐ దగ్గర చూస్తే వెన్నుపాము గాయమున్నవాళ్లలో కొవ్వు సగటున 13 శాతం ఎక్కువగా తేలింది. అందుకే 2018లో అమెరికాలోని వెన్నుపాము వైద్య సంస్థల కూటమి ఇచ్చిన మార్గదర్శకాల్లో మన కోసం గీత కిందికి దించారు: బీఎంఐ 22 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే స్థూలకాయం కిందే లెక్కించమన్నారు. నడిచేవాళ్లకు ఆ గీత 30 దగ్గర ఉంటుంది, తేడా ఎంతో చూడండి. కొవ్వు శాతం కొలిచే వీలుంటే మగవాళ్లలో 22, ఆడవాళ్లలో 35 దాటితే స్థూలకాయమన్నారు. ఈ గీతలతో చూస్తే, చార్టు ప్రకారం బాగున్న నేను బీఎంఐలో అంచు మీదా, కొవ్వు శాతంలో మగవాళ్ల గీత దాటి చాలా దూరమూ ఉన్నాను.

కాబట్టి బీఎంఐని పారెయ్యక్కర్లేదు. 22 అనే గీతతో పెట్టుకుంటే మొదటి జల్లెడగా పనికొస్తుంది, పైసా ఖర్చు లేదు. కానీ 21 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండిపోవద్దు.

కాటా, టేపు: చిన్నచూపు చూడొద్దు

బరువు తూచుకోవడమే మనకు పెద్ద పని. వీల్‌చెయిర్‌తో సహా ఎక్కే కాటా ఉన్నచోట ముందు కుర్చీతో కలిపి తూచి, తర్వాత ఖాళీ కుర్చీని తూచి తీసెయ్యాలి. ఇందులో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: కుషన్, వెనక తగిలించిన బ్యాగు, కాళ్ల పట్టీలు మొదటిసారి ఉండి రెండోసారి లేకపోవడం. నేను ఒకసారి అలాగే కుషన్ మర్చిపోయి రెండు కిలోలు పెరిగానని వారం రోజులు దిగులుపడ్డాను. యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, ఉదయం మల విసర్జన అయ్యాక, అవే బట్టలతో తూచుకోండి. ఎత్తును కూడా పాత సర్టిఫికెట్‌లోంచి రాసెయ్యకుండా చదునైన బల్ల మీద పడుకోబెట్టి తల నుంచి మడమ దాకా కొలిపించుకోవాలి. మోకాళ్లు, తుంటి బిగిసిపోయి కాళ్లు చాపలేనివాళ్లకు ముక్కలు ముక్కలుగా, తల నుంచి తుంటి, తుంటి నుంచి మోకాలు, మోకాలి నుంచి మడమ అని కొలిచి కలుపుతారు.

ఇక నడుము చుట్టుకొలత. నా మటుకు నాకు, ఖర్చు లేని పద్ధతులన్నిటిలో ఇదే రాజు. పొట్ట లోపల అవయవాల చుట్టూ చేరే కొవ్వే షుగరుకూ గుండెజబ్బుకూ దగ్గరి చుట్టం, టేపు చూపించేది ఆ కొవ్వు ఉన్న చోటునే. వెన్నుపాము గాయమున్నవాళ్లలో గుండెజబ్బు ముప్పును పట్టుకోవడానికి రకరకాల కొలతలను పోల్చిచూసిన 2014 నాటి ఒక అధ్యయనంలో కూడా నడుము చుట్టుకొలతే ముందు నిలిచింది, 94 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంది. తర్వాత మగవాళ్ల మీద జరిగిన ఇంకో పనిలో గీత ఇంకా కిందే ఉండాలన్నారు. అందుకని 94 రాలేదు కదా అని కాళ్లు చాపుకుని కూర్చోకుండా, ఏ నెలకానెల పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూసుకోవడం మంచిది.

కొలిచే తీరు మాత్రం కచ్చితంగా ఉండాలి. మా ఇంట్లో మా అక్క కొలుస్తుంది. నెలలో మొదటి ఆదివారం పొద్దున, మంచం మీద ఉండగానే, మూత్రం ఖాళీ చేశాక, ఏమీ తినకముందు. నన్ను ఒక పక్కకు తిప్పి టేపు వీపు కిందికి తోసి, వెల్లకిలా పడుకోబెట్టి అవతలి పక్క నుంచి లాగుతుంది. అన్నిటికంటే కింది పక్కటెముకను వేలితో తడిమి, దాని కిందనే టేపు ఆనిస్తుంది. అక్కడ నాకు స్పర్శ సరిగ్గా తెలియదు కాబట్టి టేపు వీపు కింద మెలిపడిందా, కిందికి జారిందా నాకు తెలియదు, అది తనే వంగి రెండు పక్కలా చూసుకోవాలి. నేను మామూలుగా ఊపిరి వదిలిన చివర్లో అంకె చదువుతుంది, మూడుసార్లు. పడుకుని 89 వచ్చిన నాకే కూర్చుంటే 97 వస్తుంది! పొట్ట కండరాలకు పట్టు లేదు కాబట్టి కూర్చోగానే పొట్ట ముందుకు జారుతుంది, మెడ దగ్గర గాయమైనవాళ్లకైతే ఇది ఇంకా ఎక్కువ. ఒక నెల పడుకుని, ఒక నెల కూర్చుని కొలిస్తే ఆ రెండు అంకెలకూ పోలికే లేదు. ఏ భంగిమైనా సరే, ఒకటే పట్టుకోండి.

టేపు చెప్పలేనిదేమిటంటే, కండ సంగతి. తొడ చుట్టూ టేపు పెట్టి కండ పెరిగిందని సంబరపడేవాళ్లను చూశాను, అది నీరు కావచ్చు, కొవ్వు కావచ్చు.

కాలిపర్

త్వరగా తేల్చేస్తాను. చర్మం కింది కొవ్వును మడతపెట్టి మందం చూసి, సూత్రంలో వేసి శాతం చెబుతారు. ఎక్కువగా వాడే సూత్రం 1974 నాటిది, నడిచేవాళ్లది. మన కొవ్వులో చాలా భాగం పొట్ట లోపలా కండరాల మధ్యా ఉంటుంది, అది కాలిపర్ పళ్లకు అందదు. కాళ్లలో నీరుంటే మడతే సరిగా రాదు. అందుకే నాకు 18 శాతం వచ్చింది. వీల్‌చెయిర్ క్రీడాకారులకు మాత్రం ఒక రకంగా పనికొస్తుంది: శాతంలోకి మార్చకుండా, నాలుగైదు చోట్ల వచ్చిన మిల్లీమీటర్లను కూడి, ఆ మొత్తం సీజన్ మొదట్లో ఎంత, చివర్లో ఎంత అని చూసుకోవడం. అదీ ప్రతిసారీ ఒకే మనిషి కొలిస్తేనే.

బీఐఏ: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే

జిమ్‌లో, క్లినిక్‌లో, ఆన్‌లైన్ షాపుల్లో ఎక్కడ చూసినా ఇదే. రంగురంగుల రిపోర్టు వస్తుంది, కండ ఇంత, నీరు ఇంత, ఒంటి వయసు ఇంత అని. పని చేసే పద్ధతి తేలికే. నీళ్లున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో అడ్డుపడుతుంది. ఆ అడ్డును, మీ ఎత్తును కలిపి ఒంట్లో నీరెంతో అంచనా వేస్తారు, నీటి నుంచి కండను, బరువులోంచి కండను తీసేసి కొవ్వును లెక్కిస్తారు. అంటే నేరుగా కొలిచేది ఆ అడ్డును ఒక్కదాన్నే, మిగతాదంతా సూత్రం చెప్పే మాట.

మనకు ఇది ఎందుకు కుదరదో చూడండి. సన్నగా పొడుగ్గా ఉండే చేతులూ కాళ్లలోనే కరెంటుకు అడ్డు ఎక్కువ. మొండెం ఒంటి బరువులో దాదాపు సగం ఉన్నా మొత్తం అడ్డులో దాని వాటా పదో వంతు మాత్రమే. అంటే ఈ మెషిన్ చెప్పే మాట ఎక్కువగా కాళ్లూ చేతుల మాటే, మనకేమో కొవ్వు చేరేది పొట్టలో, కాళ్లు చూస్తే చిక్కిపోయి, ఆపైన నీరు పట్టి ఉంటాయి. సాయంత్రానికి పాదాల్లో దిగిన నీటిని మెషిన్ కండ కిందే జమకడుతుంది. వెన్నులో రాడ్లు, స్క్రూలు ఉంటే ఇంకో చిక్కు.

ఇంట్లోకి కొనే కాటాలు మరీను. వాటిలో చాలావరకు రెండు పాదాలూ ఆనించి నిలబడాలి, కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది, పొట్ట పైభాగం దాని దారిలోనే ఉండదు. నిలబడలేని మనిషిని ఇద్దరు పట్టుకుని దాని మీద నిలబెట్టి తీసిన అంకెకు ఏ అర్థమూ లేదు, పడిపోతే ఉన్న పలచటి ఎముక కాస్తా విరుగుతుంది. దయచేసి అలా చేయించుకోకండి.

వాడక తప్పకపోతే పడుకోబెట్టి చేతికీ కాలికీ ఎలక్ట్రోడులు అంటించే రకం, వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో కొలిచేదైతే మరీ మంచిది. ఉదయం పూట చేయించుకోండి. కనీసం పది నిమిషాలు, కాళ్లలో నీరున్నవాళ్లు ఇంకాస్త ఎక్కువసేపు వెల్లకిలా పడుకున్నాకే మొదలుపెట్టమనండి. చేతులు మొండేనికి, తొడలు ఒకదానికొకటి తగలకూడదు, బిగుసుకుపోయే కాళ్ల మధ్య పొడి టవల్ పెట్టాల్సి వస్తుంది. మెషిన్‌లో వెన్నుపాము గాయమున్నవాళ్ల సూత్రం లేకపోతే, శాతం కంటే అది చూపించే అసలు అడ్డు అంకెను, ఓమ్‌లలో ఉంటుంది, రాసిపెట్టుకోమని నా సలహా. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. కండరాల బిగుతు తగ్గించే మందును లోపలికి వదిలే బ్యాక్లోఫెన్ పంపు లాంటివి ఒంట్లో పెట్టించుకున్నవాళ్లు డాక్టరును అడగకుండా చేయించుకోవద్దు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఆ రిపోర్టు కింద రోజుకు ఇన్ని కేలరీలు ఖర్చవుతాయని ఒక అంకె ఉంటుంది. అది చూసి భోజనం ప్లాన్ చేసుకోకండి. విశ్రాంతిలో ఒళ్లు ఖర్చుచేసే శక్తి మనలో నడిచేవాళ్ల కంటే 14 నుంచి 27 శాతం దాకా తక్కువని అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు రాశారు. మెషిన్ కండను ఎక్కువ చూపిస్తే కేలరీలు కూడా ఎక్కువే చూపిస్తుంది, దాని ప్రకారం తింటే బరువు పెరగడమే.

డెక్సా: నా ఓటు దీనికే, షరతులతో

ఎముకల బలం చూసే స్కానే ఇది, మొత్తం ఒంటికి తీస్తారు. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలు ఒంట్లోంచి పోయేటప్పుడు ఎముక, కొవ్వు, కండ వాటిని వేర్వేరుగా ఆపుతాయి, ఆ తేడా పట్టుకుని మూడింటినీ విడదీస్తుంది. ఎముకను విడిగా లెక్కించడమే మనకు పెద్ద లాభం, ఎందుకంటే ఎముక పలచబడిన ఒళ్లు మనది. పైగా చేయి, కాలు, మొండెం అని విడివిడిగా రిపోర్టు ఇస్తుంది. నా రిపోర్టులో చేతుల్లో కొవ్వు తక్కువే, కాళ్లలోనూ పొట్టలోనూ ఎక్కువ. ఆ ఒక్క కాగితం చూశాక నా ఒంటి గురించి నాకున్న గందరగోళం తీరింది. రేడియేషన్ భయం పెట్టుకోనక్కర్లేదు, ఒకట్రెండు రోజుల్లో ప్రకృతి నుంచి మామూలుగా మనకు అందేంతే. గర్భిణులకు మాత్రం తీయరు.

మొదటిసారి వెళ్లినప్పుడు నాకు ఎదురైంది చెబుతాను. బల్ల ఎత్తు నా కుర్చీ కంటే జానెడు ఎక్కువ, పైగా కిందికి దిగేది కాదు. కుర్చీలోంచి బల్ల మీదికి జరగడానికి వాడే ట్రాన్స్‌ఫర్ బోర్డు తెచ్చుకోలేదు. ఇద్దరు అటెండర్లు చంకల కింద, మోకాళ్ల కింద పట్టి ఎత్తారు. గదిలో ఏసీ చల్లదనానికి కాళ్లు బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది, సగం స్కాన్ అయ్యాక కుడి కాలు ఎగిరింది, బొమ్మలో ఆ కాలు చెదిరిపోయింది. మళ్లీ మొదటి నుంచి తీశారు. ఆ గట్టి బల్ల మీద అరగంట పైనే పడుకున్నాను, ఇంటికి వచ్చాక మడమలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అప్పటి నుంచి ముందే ఫోన్ చేసి అడుగుతాను: బల్ల ఎత్తు ఎంత, ఎంత బరువు దాకా మోస్తుంది, పేషెంట్ లిఫ్ట్ ఉందా, దుప్పటి కప్పుతారా అని. కాళ్లను వెడల్పాటి పట్టీతో మెల్లగా కట్టమంటాను. స్కాన్ అవ్వగానే వీపు కింద, మడమలు చూసుకుంటాను.

దీనికీ లోపాలున్నాయి. వెన్నులో రాడ్లుంటే ఆ చోట లెక్క చెడుతుంది. తుంటి దగ్గర ఉండకూడని చోట ఎముక పెరిగినవాళ్లకు అది కూడా ఎముకలోనే కలుస్తుంది. కాళ్లలో నీటిని ఇది కూడా కండగానే చూస్తుంది, కాబట్టి ఉదయమే వెళ్లాలి. పొట్ట లోపలి కొవ్వు ఇంత అని కొన్ని మెషిన్లు విడిగా ఇచ్చే అంకె అంచనా మాత్రమే. ఒళ్లు వెడల్పుగా ఉండి బల్ల అంచు దాటిపోతే ఒక పక్క మాత్రమే తీసి రెండో పక్కా అంతే అనుకుంటారు, రెండు వైపులా గాయం ఒకేలా లేనివాళ్లకు ఇది కుదరదు. కంపెనీ మారితే అంకె మారుతుంది. అదే మెషిన్ మీద కూడా ఒకటి రెండు పాయింట్ల తేడాను మార్పుగా లెక్కపెట్టొద్దు. రెండు నెలలకోసారి తీయించుకుని లాభం లేదనేది అందుకే. ఏడాదికి ఒకటి, కొత్త వ్యాయామమో ఆహారపు మార్పో మొదలుపెడితే ముందొకటి, ఆరు నెలలకొకటి చాలు.

వెళ్లినప్పుడు ఒకటి తప్పకుండా అడగండి. ఎముక సాంద్రత కోసం మామూలుగా నడుము, తుంటి మాత్రమే చూస్తారు, కానీ మనకు తొందరగా విరిగేది మోకాలి దగ్గర. తొడ ఎముక కింది భాగం, ముంగాలి ఎముక పైభాగం కూడా చూడాలని ఎముక సాంద్రత నిపుణుల అంతర్జాతీయ సంఘం 2019లో చెప్పింది. ఎలాగూ బల్ల ఎక్కాం కాబట్టి ఆ పని కూడా అయిపోతుంది.

ఎమ్మారై, సీటీ, అల్ట్రాసౌండ్, మిగతావి

పొట్ట లోపలి కొవ్వునూ, కండరాల మధ్య చేరిన కొవ్వునూ కళ్లకు కట్టినట్టు చూపించేవి ఎమ్మారై, సీటీ మాత్రమే. నడుము కొలత ఒకటే అయినా వెన్నుపాము గాయమున్నవాళ్లలో లోపలి కొవ్వు ఎక్కువని సీటీ తీసి చూసినవాళ్లే తేల్చారు. కానీ కొవ్వు కొలవడం కోసమే వీటిని తీయించుకోమని నేను చెప్పను. సీటీలో రేడియేషన్ ఎక్కువ, ఎమ్మారై ఖరీదు ఎక్కువ, చాలాసేపు కదలకుండా పడుకోవాలి, పంపులూ స్టిమ్యులేటర్లూ ఉన్నవాళ్లు ముందే చూపించుకోవాలి. వేరే కారణంతో పొట్ట స్కాన్ తీస్తుంటే లోపలి కొవ్వు గురించి కూడా ఒక మాట రాయమని డాక్టరును అడగొచ్చు. కరెంటు ప్రేరణతో కాళ్లతో సైకిల్ తొక్కించే శిక్షణలో ఉన్నవాళ్లకు, తొడ కండ నిజంగా పెరిగిందా అని తేల్చాలంటే ఎమ్మారై బాగా పనికొస్తుంది.

అదే పనికి అల్ట్రాసౌండ్ చవక దారి. మంచం దగ్గరికే తెచ్చి తొడ కండ మందం, పైన కొవ్వు పొర మందం చూస్తారు. అనుభవమున్న చేతి మీద ఆధారపడి ఉంటుంది, గట్టిగా నొక్కితే కొవ్వు పొర పలచగా కనిపిస్తుంది. మొత్తం ఒంటి కొవ్వు శాతం ఇది చెప్పదు.

నీళ్లలో ముంచి తూచడం, గుడ్డు లాంటి గదిలో కూర్చోబెట్టి గాలి పరిమాణంతో కొలవడం, ఈ రెండూ ఒంటి సాంద్రత మీద ఆధారపడతాయి. ఎముక పలచబడితే సాంద్రత తగ్గుతుంది, అదంతా కొవ్వే అనుకుంటుంది లెక్క. నీళ్లలో మునిగి ఊపిరి పూర్తిగా వదలడం మెడ గాయమున్నవాళ్ల వల్ల కాదు, గాలి గదిలో ఆసరా లేకుండా కూర్చోవడం చాలామంది వల్ల కాదు. మన జాబితాలోంచి తీసెయ్యొచ్చు. డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు తాగించి ఒంటి నీటిని కొలిచి, దాన్ని డెక్సాతోనూ సాంద్రతతోనూ కలిపే నాలుగు భాగాల లెక్క అన్నిటికంటే నమ్మదగినది, కానీ అది పరిశోధనశాలల్లో చేసే పని. అలాంటి అధ్యయనంలో చేరమని ఎవరైనా అడిగితే మాత్రం సంతోషంగా వెళ్లండి. మనలాంటివాళ్లను కొలిస్తేనే కదా మన సూత్రాలు తయారయ్యేది.

మరి మీకేది?

గాయమై ఏడాది లోపే అయితే అంకెల వెంట పడకండి. ఆ రోజుల్లో కండ కరిగి బరువు తగ్గుతుంది, అది చూసి ఇంట్లోవాళ్లు బలం రావాలని ఎక్కువ పెడతారు, తర్వాత పెరిగే కొవ్వుకు అక్కడే బీజం పడుతుంది. ఇప్పుడు బరువు, పడుకుని నడుము కొలత రాసుకోవడం మొదలుపెట్టండి, ఒంటి పరిస్థితి కుదుటపడ్డాక మొదటి డెక్సా తీయించుకుంటే తర్వాతి ఏళ్లకు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

బరువు తగ్గాలనుకుంటున్నవాళ్లకు టేపు, కాటా, ఆరు నెలల దూరంలో రెండు డెక్సాలు. బరువు తగ్గి నడుము తగ్గకపోతే పోతున్నది కండ కావచ్చు. అది చేతుల్లోంచి పోతే మన ట్రాన్స్‌ఫర్లకే ఎసరు. డెక్సా రిపోర్టులో చేతుల కండ గ్రాముల్లో ఉంటుంది, మొదట చూడాల్సింది దాన్నే. డెక్సా దొరకని చోట ఉన్నవాళ్లు బెంగపడొద్దు, నడుము కొలతకు తోడు ఏడాదికోసారి రక్తంలో షుగరు, కొవ్వుల పరీక్ష చేయించుకుంటే నిర్ణయాలు తీసుకోవడానికి కావలసినది చాలావరకు చేతికి వచ్చినట్టే.

మెడ దగ్గర, లేదా ఛాతీ ఎత్తులో ఉండే టి6 వెన్నుపూస దగ్గర, అంతకంటే పైన గాయమున్నవాళ్లకు ఒక జాగ్రత్త. నా స్నేహితుడికి మెడలో సి6 దగ్గర గాయం. స్కాన్ బల్ల మీద ఉండగా తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు. చూస్తే క్యాథెటర్ పైపు తొడ కింద నలిగి మూత్రం ఆగిపోయింది. వెంటనే లేపి కూర్చోబెట్టి పైపు సరిచేశాక బీపీ దిగింది. గాయం కింద ఏదైనా ఇబ్బంది కలిగితే బీపీ ఒక్కసారిగా ఎగబాకే ఈ సమస్య ఒకటుంటుందనే అక్కడి టెక్నీషియన్‌కు తెలియదు. కాబట్టి మీ గాయం సంగతి తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని వెళ్లండి, బల్ల ఎక్కే ముందు బ్యాగు ఖాళీ చేసి పైపు ఎటూ నలగకుండా చూసుకోండి, బిగుతు బెల్టులు వదులు చేయించుకోండి, తలనొప్పి మొదలైతే స్కాన్ పూర్తయ్యేదాకా ఓర్చుకుందామని అనుకోకుండా అప్పుడే ఆపమనండి. పిరుదుల దగ్గరో మడమల దగ్గరో పుండు ఉన్నవాళ్లు అది మానేదాకా స్కాన్ వాయిదా వేసుకోండి. ఆ కొద్ది నెలలు టేపు చాలు.